ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల పోలిక: వాట్ల అంకె చుట్టూ అల్లుకున్న అపోహలు

అపోహ: 15 వాట్ల ప్రాసెసర్ 15 వాట్లే వాడుతుంది, ఏ ల్యాప్‌టాప్‌లో పెట్టినా ఒకేలా పనిచేస్తుంది.

వాస్తవం: ల్యాప్‌టాప్‌ల పనితీరును పరీక్షించే వృత్తిలో నాకు తరచుగా వినబడే మాట ఇది, కొనేవారికి ఎక్కువ నష్టం తెచ్చేదీ ఇదే. ఇంటెల్ కోర్ ఐ7-1355యూ బేస్ పవర్ (నిలకడగా నడిచేటప్పటి వినియోగం) 15 వాట్లే గాని, దాని గరిష్ఠ టర్బో పవర్ (కొద్దిసేపు వేగం పెంచినప్పుడు చేరగల వినియోగం) 55 వాట్లని ఇంటెల్ సంస్థే ప్రకటించింది. ఆ రెండింటి నడుమ ఎక్కడ, ఎంతసేపు నడవాలో చాలావరకు తేల్చేది ల్యాప్‌టాప్ తయారీదారు అమర్చిన ఫ్యాన్, హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు భాగం), పవర్ లిమిట్లు (చిప్ ఎంత విద్యుత్ వాడవచ్చో చెప్పే హద్దులు).

వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థిని, స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లోనూ అదే ప్రాసెసర్ ఉండగా తనది మాత్రమే నెమ్మదిగా ఉందని, నకిలీ చిప్ పెట్టి మోసగించారని ఎవరో చెప్పారని దిగులుగా వచ్చింది. చిప్‌లోని కోర్లన్నిటితో (లెక్కలు చేసే విభాగాలు) ఒకేసారి పనిచేయించే సినీబెంచ్ మల్టీకోర్ పరీక్ష నడుపుతూ ప్యాకేజ్ పవర్ (చిప్ మొత్తం వాడే విద్యుత్) రీడింగును ఆమెకు చూపించాను. సుమారు అరనిమిషం పైస్థాయిలో నిలిచిన ఆ అంకె ఒక్కసారిగా బేస్ పవర్ దరిదాపులకు దిగింది, క్లాక్ వేగమూ (చిప్ పనిచేసే వేగం) దానితోపాటే తగ్గింది. ఉష్ణోగ్రత అప్పటికింకా హద్దులోనే ఉంది. ఆ సన్నని మోడల్‌కు తయారీదారు పెట్టిన పరిమితి అంతే. నకిలీ చిప్పుల పుకార్లు పుట్టించేవారు ఈ ఒక్క రీడింగు చూసి మాట్లాడితే ఎందరి నిద్రో మిగులుతుంది.

ఇక బ్యాటరీ నుంచి ఖర్చయ్యేది వాట్-అవర్లు, అంటే వాట్లను గంటలతో గుణించిన లెక్క. ఒక వీడియో ఎక్స్‌పోర్టును 45 వాట్లతో 10 నిమిషాల్లో ముగించే చిప్ 7.5 వాట్-అవర్లు తీసుకుంటుంది. అదే పనికి 15 వాట్లతో 35 నిమిషాలు పట్టే చిప్ 8.75 తీసుకుంటుంది. అయితే ఒకే చిప్‌ను పరుగులు పెట్టించినా పొదుపు రాదు, ఎందుకంటే విద్యుత్ వినియోగం క్లాక్ వేగంతోనూ వోల్టేజీ వర్గంతోనూ (స్క్వేర్) పెరుగుతుంది, వేగం పెంచాలంటే వోల్టేజీనీ పెంచాలి గనుక చివరి కొద్దిపాటి వేగానికే అత్యధిక మూల్యం చెల్లించాలి. అందుచేత ఇంటెల్, ఏఎమ్‌డీ, ఆపిల్ చిప్‌లను పోల్చేటప్పుడు ఎన్ని వాట్ల దగ్గర, ఛార్జర్ పెట్టి కొలిచారా తీసి కొలిచారా అన్నది చెప్పని స్కోరును నేను లెక్కలోకి తీసుకోను.

అపోహ: పేరులో అంకె పెద్దదైతే చిప్ కొత్తది.

వాస్తవం: ఏఎమ్‌డీ వారి రైజెన్ 5 7520యూలో ఉన్నవి పాత తరం జెన్ 2 కోర్లు, రైజెన్ 7 7840యూలో ఉన్నవి జెన్ 4. ఆ సిరీస్‌లో జెన్ తరాన్ని చెప్పే మూడో అంకెను చూడాలి.

అపోహ: చిప్ తయారీ ప్రక్రియ పేరులోని నానోమీటర్ల అంకెను బట్టే సామర్థ్యం.

వాస్తవం: ఇంటెల్ తయారీ ప్రక్రియ 10 నానోమీటర్ ఎన్‌హాన్స్‌డ్ సూపర్‌ఫిన్‌కు 2021లో ఇంటెల్ 7 అని పేరు మార్చారు, తయారీ ప్రక్రియ మాత్రం అదే.

అపోహ: ఆర్మ్ చిప్ (ఫోన్లలో ఎక్కువగా వాడే డిజైన్) అయితేనే బ్యాటరీ నిలుస్తుంది.

వాస్తవం: కోర్ అల్ట్రా 7 258వీ ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ పీసీ చిప్‌ల డిజైన్) చిప్పే. 17 వాట్ల బేస్ పవర్, 37 వాట్ల గరిష్ఠ పరిమితితో, మెమరీని ప్యాకేజీలోనే అమర్చి, బ్యాటరీ నిలిచేలా దాన్ని రూపొందించారు.