కంటికి తెలుపు, వేడికి నలుపు

ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వసంతం చివర్లో కొండల మీద గుడారం వేసుకుని, రెండ్రోజులు చేపలు పట్టుకుందామని బయల్దేరారట. కింద లోయలో పూలు పూసి ఉన్నాయి. పైకి వెళ్లేసరికి మోకాలి లోతు మంచు, సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. ఉసూరుమంటూ తిరిగొచ్చారు. "మంచు ఎక్కడ కరిగిందో, ఎక్కడ కరగలేదో బయల్దేరే ముందే తెలుసుకునే దారి ఏదైనా ఉందా?" అని అడిగారు.

ఉంది. ఏ టెంటు కొనాలి, ఏ గాలం వాడాలి అన్నవి నేను చెప్పను, చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను ఏళ్ల తరబడి పట్టుకుని వదలనిది ఒక్కటే విషయం, మంచు రంగు. అది అర్థమైతే ఆయన ప్రశ్నకు ముప్పాతిక జవాబు దొరికినట్టే.

ముందు ఒక మాట. తెలుగులో గడ్డి మీద మెరిసే బిందువులూ మంచే, దారి కనపడకుండా కమ్మేసేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. ఇక్కడ మంచు అంటే ఆకాశం నుంచి రేకులుగా రాలి, చలికాలమంతా కొండ మీద పొరలుపొరలుగా పేరుకునేది.

వసంతంలో కొండ అడవికి వెళ్తే ప్రతి చెట్టు మొదలు చుట్టూ ఒక గుంట కనిపిస్తుంది. చుట్టూ నడుం లోతు మంచు ఉన్నా, మాను పక్కన మాత్రం బావి తవ్వినట్టు నేల కనిపిస్తుంది. వంగి చూస్తే అడుగున తడి ఆకులు, నాచు, ఒకటో రెండో పచ్చటి మొలకలు. కొమ్మలు మంచును కింద పడనీయకుండా ఆపడం వల్ల అక్కడ మొదటినుంచీ పలచగా ఉంటుందన్నది నిజమే. కానీ అదొక్కటే కారణమైతే, కొమ్మల్లేని ఎండు మోడు చుట్టూ, ఒంటరి బండరాయి చుట్టూ కూడా గుంట ఎందుకు పడుతుంది? మంచు మీద రాలిన ఎండుటాకును చూడండి. సరిగ్గా తన ఆకారంలోనే అచ్చు గుద్దినట్టు రెండు మూడు అంగుళాలు లోపలికి దిగి కూర్చుంటుంది.

కారణం ఇదీ. తాజా మంచు తన మీద పడ్డ సూర్యకాంతిలో 80 నుంచి 90 శాతం వెనక్కి కొట్టేస్తుంది. అందుకే తెల్లగా ఉంటుంది. ఎండ ఎంత కాసినా దానికి అందేది పదో వంతో, ఐదో వంతో. కానీ ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనపడని పరారుణ కిరణాలను వదులుతూనే ఉంటుంది. వాటి విషయంలో మంచు ప్రవర్తన పూర్తిగా తిరగబడుతుంది. తన మీద పడ్డ దీర్ఘతరంగ పరారుణంలో సుమారు 98 శాతాన్ని మింగేస్తుంది. మన కళ్లు ఆ కిరణాలను చూడగలిగి ఉంటే మంచుకొండ మనకు బొగ్గుకుప్పలా కనిపించేది!

అంటే మంచుకు సూర్యుడి భాష రాదు, మధ్యలో దుబాసీ కావాలి. చెట్టు బెరడు నల్లగా ఉంటుంది కాబట్టి ఎండను పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడిని పరారుణంగా మార్చి మంచుకు అందిస్తుంది. బండరాయీ, కొండ గోడా చేసే పని ఇదే. ఎండుటాకు నేరుగా తగిలి వేడిని అందిస్తుంది. లెక్క చూడండి. సున్నా డిగ్రీల మంచు చదరపు మీటరుకు సుమారు 315 వాట్లు వదులుతూ ఉంటుంది. నిర్మలమైన ఆకాశం నుంచి తిరిగి వచ్చేది అంతకంటే బాగా తక్కువ, కాబట్టి రాత్రంతా మంచుకు నష్టమే. అదే 20 డిగ్రీలకు వేడెక్కిన బెరడు చదరపు మీటరుకు 400 వాట్ల పైచిలుకు వదులుతుంది. ఆకాశం వైపు తిరిగిన మంచు అప్పుల్లో ఉంటే, మాను వైపు తిరిగిన మంచు ఆదాయంలో ఉంటుంది. మబ్బు కూడా దుబాసీయే. మబ్బు పట్టిన రాత్రి మంచు మళ్లీ గట్టిపడదు, తెల్లారి అడుగు వేస్తే కాలు తొడదాకా దిగిపోతుంది.

దుమ్ము సంగతీ ఇంతే. గాలికి కొట్టుకొచ్చిన ధూళి, పైన్ ఆకులు, మసి పలచగా పరుచుకుంటే మంచు ఎక్కువ ఎండను పట్టుకుని త్వరగా కరుగుతుంది. కానీ అదే మట్టి కొన్ని సెంటీమీటర్ల మందాన పడితే దుప్పటిలా పనిచేసి మంచును కాపాడుతుంది. చిన్న రాయి మంచులోకి దిగిపోతే, పెద్ద బండ హిమానీనదం మీద మంచు పీట వేసుకుని ఎత్తుగా నిలబడటానికి కారణం ఇదే.

ఇప్పుడు 80 కెలోరీల సంగతి. ద్రవీభవన గుప్తోష్ణం గ్రాముకు 80 కెలోరీలని మనందరం బడిలో బట్టీపట్టాం. ఎందుకు నేర్చుకుంటున్నామో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక గ్రాము నీటిని 0 నుంచి 80 డిగ్రీలదాకా కాచడానికి పట్టే వేడంతా, ఆ గ్రాము మంచును సున్నా దగ్గరే నీళ్లుగా మార్చడానికి ఖర్చవుతుంది. 1760ల్లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి చెబుతూ అద్భుతమైన వాదన చేశాడు. మంచు సున్నా డిగ్రీలు తాకగానే మరికాస్త వేడితో మొత్తం నీరైపోయేదైతే, ప్రతి వసంతంలోనూ కొండల మీది మంచంతా ఒక్కసారిగా వరదై మీద పడేదన్నాడు. వారాల తరబడి మెల్లగా కరుగుతోందంటే ఎక్కడో భారీగా వేడి దాగిపోతోందన్నమాట. క్లాసులో ఈ వాదనతో మొదలుపెడితే ఏ పిల్లాడైనా గుప్తోష్ణాన్ని మరచిపోతాడా?

వసంతం చివరికి మంచు బాగా అణిగి ఉంటుంది. మీటరు మందం మంచును కరిగిస్తే దాదాపు 45 సెంటీమీటర్ల నీళ్లు వస్తాయనుకోండి. చదరపు మీటరుకు 450 కిలోలు. అదంతా కరగడానికి సుమారు 150 మెగాజౌళ్లు కావాలి. నిర్మలమైన రోజున సూర్యుడు 25 మెగాజౌళ్లు ఇచ్చాడనుకుందాం. పాతబడి మాసిన మంచు అందులో 40 శాతం పట్టుకుంటుంది. అంటే రోజుకు 10, మొత్తం 15 రోజుల పని. అదే మంచు మీద ఒక రాత్రి కొత్త మంచు పలచగా రాలిందా, పట్టుకునేది 15 శాతానికి పడిపోతుంది. ఆ తెల్లదనం అలాగే నిలిస్తే 40 రోజులు పడుతుంది! అందుకే "ఇంకో రెండు వారాల్లో దారి తెరుచుకుంటుంది" అని తేదీ చెప్పేవాళ్లను నేను నమ్మను. వసంతంలో కురిసే ఒక్క తేలికపాటి మంచు ఆ లెక్కంతా తలకిందులు చేస్తుంది.

తేదీ చెప్పలేం గానీ, ఏది ముందు ఏది వెనక అన్నది చెప్పగలం. వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందో చూడాలి. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, మార్చిలో రాత్రీ పగలూ సమానమైన రోజున మధ్యాహ్నం సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 30 డిగ్రీల దక్షిణపు వాలు మీద ఎండ దాదాపు నిలువుగా, పూర్తి బలంలో 97 శాతంతో పడుతుంది. అదే కొండకు అవతలున్న ఉత్తరపు వాలు మీద 26 శాతమే, అంటే నాలుగో వంతు. జూన్ చివరికి ఉత్తరపు వాలుకు కూడా 60 శాతం పైగా అందుతుంది, తేడా తగ్గిపోతుంది. కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో పడిన తేడా మంచు మందంలో అలాగే మిగిలిపోతుంది. దక్షిణార్ధగోళంలో దిక్కులు తారుమారు చేసుకోవాలి. దక్షిణపు వాలుల్లోనూ నైరుతికి తిరిగినవి ముందు బట్టబయలవుతాయి. తూర్పు వాలుకు పొద్దుటి ఎండలో కొంత భాగం రాత్రి గడ్డకట్టిన పైపొరను మళ్లీ కరిగించడానికే పోతుంది. పడమటి వాలుకు ఎండ తగిలేసరికి గాలి వెచ్చబడి ఉంటుంది, పైపొర మెత్తబడి ఉంటుంది.

ఎత్తు సంగతి అందరికీ తెలిసిందే. సగటున కిలోమీటరు ఎత్తుకు ఉష్ణోగ్రత 6.5 డిగ్రీలు తగ్గుతుంది. గాలివాటం మాత్రం చాలామంది పట్టించుకోరు. శిఖరపు వీపు మీది మంచును గాలి చలికాలమంతా ఊడ్చి అవతలి వాలులో కుప్పపోస్తుంది. శిఖరం బోడిగా కనిపించి, దానికి వంద మీటర్ల కింద దారి మూసుకుపోయి ఉండటం మామూలే. అడవి రెండు పనులూ చేస్తుంది. చలికాలం మరీ కఠినంగా లేని కొండల్లో చెట్ల వేడికి అడవిలోని మంచే ముందు పోతుంది, గట్టి చలి ఉండేచోట చెట్ల నీడ గెలిచి మంచును ఆపుతుంది.

వానకు మంచు కొట్టుకుపోతుందన్న నమ్మకం బలంగా ఉంది. 10 డిగ్రీల వాన 10 మిల్లీమీటర్లు కురిస్తే, ఆ నీటి వేడికి కరిగే మంచు ఒకటింపావు మిల్లీమీటరు నీటికి సమానం. అంతే! నిజంగా కరిగించేది వానతోపాటు వచ్చే తేమగాలి. ఒక గ్రాము నీటి ఆవిరి చల్లటి మంచుకు తగిలి నీటిబొట్టుగా మారితే, అది విడుదల చేసే వేడికి ఏడున్నర గ్రాముల మంచు కరుగుతుంది. వెచ్చటి తేమగాలి రెండు రోజులు ఆగకుండా వీచాక వాతావరణం తేటపడితే సంచి సర్దుకోవచ్చు.

ఇక ఇంట్లో కూర్చుని చూసే దారి. మంచు రంగు ఇక్కడా పనికొస్తుంది. ఉపగ్రహం నుంచి మామూలు ఫొటో తీస్తే మంచూ తెలుపే, మబ్బూ తెలుపే. కానీ 1.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యమున్న పరారుణంలో చూస్తే మబ్బులోని సన్నటి బిందువులు తెల్లగా మెరుస్తాయి, మంచు నల్లగా ఉంటుంది. ఆకుపచ్చ కాంతిలోని మెరుపులోంచి ఈ పరారుణపు మెరుపును తీసివేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. సాధారణంగా అది 0.4 దాటితే మంచు అనుకుంటారు. సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. ప్రతి ఐదు రోజులకోసారి అదే చోటిని చూస్తాయి, ఈ పరారుణపు చిత్రంలో 20 మీటర్ల మేర కూడా విడిగా తెలుస్తుంది. దట్టమైన చెట్ల కింద ఏముందో మాత్రం వాటికి కనపడదు.

ఈ ఏటి చిత్రం ఒక్కటే చూసి ఆగకండి. గత ఐదారేళ్ల చిత్రాలు వరుసగా పెట్టుకుని చూడండి. కరిగే తేదీలు ఏటేటా మారతాయి, వరుస మాత్రం పెద్దగా మారదు. వాలు మారదు, గాలి వీచే దిక్కు మారదు, బండలు కదలవు. ఏ చోట ముందు నేల కనిపిస్తుందో ఏటా ఇంచుమించు అక్కడే కనిపిస్తుంది.

గుడారం ఎక్కడ? లోయ అడుగున కాదు. రాత్రి చల్లగాలి బరువెక్కి నీళ్లలా జారి అక్కడ మడుగు కడుతుంది. అడుగు నుంచి కాస్త పైన, దక్షిణానికి తిరిగిన తిన్నె మీద రాత్రి చెప్పుకోదగ్గంత వెచ్చగా ఉంటుంది, నేలా ఆరి ఉంటుంది. అయితే తలెత్తి చూడాలి. మీ నేల పొడిగా ఉన్నా, పైన నిటారు వాలులో మంచు ఉంటే మధ్యాహ్నపు ఎండకు అది తడిసి జారిపడొచ్చు. మంచునీటి వాగులు దాటాలంటే తెల్లవారుజామునే దాటాలి. పగలు కరిగిన నీళ్లు సాయంత్రానికి గానీ కిందికి చేరవు. పొద్దున పిక్కల లోతున్న వాగు సాయంత్రానికి నడుం దాటొచ్చు.

చేపల విషయంలో పౌర్ణమి, అమావాస్య చూసుకుని బయల్దేరేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. చంద్రుడికంటే జేబులోని థర్మామీటరు నయమని నా నమ్మకం. చేపకు సొంత వేడి లేదు, నీళ్ల వేడే దాని వేడి. నాలుగైదు డిగ్రీల నీటిలో ట్రౌట్ చేప కదలడానికే బద్ధకిస్తుంది, 10 దాటాక చురుగ్గా మేతకు దిగుతుంది. మంచునీరు పోటెత్తే వాగు చల్లగా, బురదగా ఉంటుంది కాబట్టి అక్కడ గాలం వేసి లాభం లేదు. భూగర్భ ఊటతో పారే సెలయేటి నీరు ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా, స్థిరంగా ఉంటుంది. లోతైన ఆనకట్ట దిగువన బురద తేరిన నీరు వస్తుంది. సరస్సులోంచి బయటికి పారే నీళ్లు, లోపలికి వచ్చే నీళ్లకంటే తేటగా, వెచ్చగా ఉంటాయి. రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు పెట్టేది వసంతంలోనే కాబట్టి, ఆ వాగుల్లో వేటకు అనుమతి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

గడ్డకట్టిన సరస్సు తెరుచుకునే రోజులే నాకు అన్నిటికన్నా ఇష్టం. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గర అత్యధికం, అందుకే చలికాలమంతా ఆ నీరు అడుగున ఉంటుంది, అంతకంటే చల్లటిది పైన గడ్డకడుతుంది. కరగడం ఒడ్డున మొదలవుతుంది, అందులోనూ దక్షిణపు ఎండకు ఎదురుగా ఉండే ఉత్తరపు ఒడ్డున, నల్లటి బండలున్న చోట. బండ ఎండను పీల్చి మంచుకు అందిస్తుంది, మంచు వెనక్కి జరుగుతుంది. అక్కడ బయటపడ్డ నీరు మంచుకంటే ఎంతో నల్లగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ ఎండను పట్టుకుంటుంది, అంచు మరింత వెనక్కి పోతుంది. ఇలా రెండు మూడు మీటర్ల వెడల్పున నీళ్లు తెరుచుకున్న మధ్యాహ్నం, ఆ బండ వెనక నీడ పడకుండా కూర్చుని థర్మామీటరు ముంచితే 6 చూపిస్తుంది, ఆ రెండు మూడు మీటర్ల అవతల మంచు అంచు దగ్గర 2. ఆ కాస్త నీళ్లలోనే, ఒడ్డు రాళ్ల మీద కదిలే పురుగుల కోసం ట్రౌట్ చేపలు అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తాయి.