కొట్లో కొన్న సారపప్పు మొలకెత్తదు: సార చెట్టుపై అపోహలు - వాస్తవాలు

పరమాన్నంలో, బాసుందిలో సారపప్పు వేయని ఇల్లు మన గుంటూరు, విజయవాడల్లో అరుదు. ఆ పప్పునిచ్చే చెట్టును చూసినవారు మాత్రం చాలా తక్కువ. ఈ ప్రాంతంలో అడవిజాతి మొక్కలు పెంచే పనిలో ఉన్నాను కనుక సార చెట్టు గురించి తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: కొట్టు నుంచి పప్పు తెచ్చి కుండీలో వేస్తే మొక్క వస్తుంది.

రాదు. సార కాయలో తీయని గుజ్జు, దాని లోపల రాయిలాంటి పెంకు, ఆ పెంకులో పప్పు ఉంటాయి. అమ్మకానికి తెచ్చేవారు పండ్లను నానబెట్టి, గుజ్జు రుద్ది కడిగి, గింజలు ఎండబెట్టి, పెంకు పగలగొట్టి పప్పు తీస్తారు. ఇన్ని దెబ్బలు తిన్న పప్పులో మొలక బతికి ఉండదు. విత్తనానికి కావలసింది చెట్టు మీదే నల్లగా మాగిన పండు.

అపోహ: సార గింజ మొలవడం దైవాధీనం.

ఈ మాట నమ్మే చాలామంది ప్రయత్నం మానేశారు. నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. గింజను అలాగే పాతితే మొలక శాతం తక్కువ, అదీ ఆలస్యంగా. కారణం పెంకు గట్టిదనం. లోపల ప్రాణం ఉన్నా నీరు చేరడానికి, మొలక బయటికి రావడానికి దారి ఉండదు. అందుకే పండు గుజ్జు తీసిన వెంటనే గింజను నీడలో ఆరబెట్టి, పెంకు అతుకు దగ్గర చిన్న సుత్తితో మెల్లగా తట్టి పగులు ఇవ్వాలి. పప్పుకు దెబ్బ తగిలితే గింజ కుళ్ళిపోతుంది, కాబట్టి ఇది ఓపికగా ఒక్కో గింజకూ చేయాల్సిన పని. పగులు ఇచ్చిన గింజను నిల్వ పెట్టకుండా అదే రోజు ఇసుక కలిపిన మట్టిలో విత్తాలి. చీమలు పప్పును వదలవు, ఆ మడిని కాపాడుకోవాలి.

గింజ నెలలు గడిచేకొద్దీ చచ్చుబడుతుంది. రోహిణి కార్తె నాటికి మాగిన పండులోని గింజ, మృగశిరలో తొలకరి పడేసరికి నేలలో ఉండాలి. వచ్చే ఏడాదికని దాచిన విత్తనంతో నర్సరీ మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను.

అపోహ: పెద్ద మొక్క నాటితే త్వరగా ఎదుగుతుంది.

సార మొక్క ముందు వేరును పెంచుకుంటుంది, కాండాన్ని తర్వాత చూసుకుంటుంది. పైన జానెడు మొక్క కనిపించే సమయానికే తల్లివేరు నర్సరీ సంచి అడుగుకు చేరుతుంది. పొట్టి సంచిలో ఎక్కువకాలం ఉంచితే ఆ వేరు చుట్టలు చుట్టుకుపోతుంది. అలాంటి మొక్క నాటాక ఎండాకాలం తట్టుకోలేదు. పొడవైన సంచిలో పెంచిన లేత మొక్కను తొలి వర్షాలకే నాటండి. వీలైతే నాటదలచిన గుంటలోనే నేరుగా గింజలు వేసి, బాగా వచ్చిన ఒక్క మొక్కను ఉంచండి. మంచి నర్సరీనో కాదో సంచి పొడవు చూస్తేనే తెలిసిపోతుంది.

అపోహ: మన నల్లరేగడి సారవంతమైనది కనుక ఏ చెట్టైనా వస్తుంది.

పత్తికి, మిర్చికి అది బంగారు నేల. సారకు కాదు. నీరు నిలిచే చోట దీని వేరు కుళ్ళుతుంది. నీరు ఇంకిపోయే ఎర్ర నేలలు, రాళ్ళు కలిసిన వాలు దీనికి ఇష్టం. కొండపల్లి, కొండవీడు గుట్టల అంచులు, పల్నాడులో నల్లమల వైపు భూములు ఇందుకు తగినవి. మొదటి రెండు మూడు వేసవులు అప్పుడప్పుడు తడి ఇచ్చి, పశువుల నుంచి, మంట నుంచి కాపాడితే చాలు.

అపోహ: అంటు మొక్కే మేలు, గింజ మొక్క దండగ.

అది పని బట్టి ఉంటుంది. తోట వేసి పప్పు అమ్ముకునే రైతుకు అంటు మొక్క మేలు, కాపు ముందుగా వస్తుంది. గుజరాత్‌లో గోధ్రా దగ్గరున్న కేంద్ర ఉద్యాన పరిశోధన కేంద్రం థార్ ప్రియ అనే రకాన్ని కూడా విడుదల చేసింది. కొండ మీద అడవిని తిరిగి నిలబెట్టడానికి మాత్రం వేర్వేరు తల్లిచెట్ల గింజల నుంచి వచ్చిన మొక్కలే కావాలి. ఒకే చెట్టు అంట్లతో నింపిన గుట్టకు ఒక తెగులు వస్తే అన్నీ ఒకేసారి పోతాయి.

జీడిమామిడి ఉండగా ఇదెందుకు అని అడిగేవారూ ఉన్నారు. జీడిమామిడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు తెచ్చిన చెట్టు. సార, మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబానికి చెందినవి. జీడిమామిడిలా కాక సార మన అడవిలో పుట్టి పెరిగినది, ఎలుగుబంట్లూ పక్షులూ పండు తిని గింజలు చల్లే చెట్టు.

అపోహ: గిరిజనులు పండ్లు కోయడం వల్లే చెట్లు పోయాయి.

నింద వేయడం తేలిక. నల్లమలలో చెంచులకు ఈ పప్పు వేసవిలో చేతికొచ్చే డబ్బు. పాడు చేసింది తొందర. గిరాకీ పెరిగి, వేరొకరు కోసుకుపోతారన్న భయంతో పచ్చికాయలనే దులపడం, కొమ్మలు నరకడం మొదలైంది. పచ్చికాయలో పప్పు నిండదు, ముడుచుకుపోతుంది, ధర తగ్గుతుంది. విత్తనానికి గింజే మిగలదు. 2006 అటవీ హక్కుల చట్టం సారపప్పు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై, వాటిని సంప్రదాయంగా సేకరించే గిరిజనులకు, ఇతర అటవీ వాసులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. గూడెమంతా కలిసి కోతకు ఒక తేదీ పెట్టుకుంటే ఆ భయం తగ్గుతుంది. కొన్ని చెట్లను విత్తనానికని వదిలి, వాటి పండ్లను చివరిదాకా మాగనివ్వాలి. ఆ గింజలు కావలసినవారు కొనేది పప్పు వ్యాపారుల దగ్గర కాదు, సేకరించేవారి దగ్గరే, పండు దిగిన వారంలోనే.