పాత ఆపరేషన్ మచ్చ సలుపుతోందా? అపోహలు - వాస్తవాలు

ఆపరేషన్ అయి ఏళ్లు గడిచాక మచ్చ లాగుతోందనో, దురద పెడుతోందనో, ముట్టుకుంటే జివ్వుమంటోందనో ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. మా దగ్గరికి వచ్చేసరికే చాలామంది ఇక ఇంతేలే అని ఊరుకుని ఉంటారు, లేదంటే కందిపోయేదాకా రుద్ది ఉంటారు. బాధ చర్మంలో ఉందా, దాని కింది నరంలో ఉందా, ఇంకా లోపల ఉందా అన్నది తేలకుండా ఏం చేసినా గుడ్డిగా చేసినట్టే. రోజూ నా చెవిన పడే మాటలు కొన్ని చెప్తాను.

అపోహ: కుట్లు మానాయంటే పని అయిపోయినట్టే.

పైకి మానడం రెండు మూడు వారాల పనే. లోపలి మరమ్మతు మాత్రం ఏడాది, ఒక్కోసారి రెండేళ్ల దాకా నడుస్తుంది. చర్మానికి పట్టునిచ్చే ప్రోటీన్ పోగుల్ని కొల్లాజెన్ అంటారు. తొలిరోజుల్లో హడావుడిగా వేసుకున్న మూడో రకం కొల్లాజెన్‌ను తీసేస్తూ, దాని చోట గట్టిదైన ఒకటో రకాన్ని శరీరం నింపుకుంటూ పోతుంది. మామూలు చర్మంలో ఈ పోగులు బుట్ట అల్లినట్టు పెనవేసుకుని ఉంటాయి. మచ్చలో చాలావరకు ఒకే వరసలో బారులు తీరతాయి. అందుకే ఎంత చక్కగా మానినా మచ్చ బలం అసలు చర్మంలో 80 శాతం దాటదు, సాగే గుణమూ తక్కువే. పైగా అక్కడ చెమట గ్రంథులు, నూనె గ్రంథులు మళ్లీ రావు. పాత మచ్చ పొడిబారి దురద పెట్టడానికి ఇదో పెద్ద కారణం. అలాంటి దురదకు వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ చాలు. స్నానం కాగానే, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే రాయాలి.

అపోహ: ఎంత గట్టిగా రుద్దితే అంత త్వరగా మెత్తబడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఈ నమ్మకమే. గట్టిగా రుద్దితే మచ్చ చిరాకుపడి ఇంకా ఎర్రబడుతుంది, పైచర్మం లేచిపోతుంది.

నేను నేర్పేది ఇలా ఉంటుంది. చూపుడు వేలు, మధ్య వేలు మచ్చ మీద ఆనించండి. గోరు కింద గులాబీ రంగు పోయి తెల్లబడేంత ఒత్తిడి సరిపోతుంది. వేళ్లు చర్మం మీద జారకూడదు, వేళ్లతో పాటే చర్మం కదలాలి. పైకీ కిందకీ, అటూ ఇటూ, ఆ తర్వాత గుండ్రంగా. మచ్చ పొడుగునా ఇలా పోతుంటే ఎక్కడో ఒకచోట చర్మం కదలనని మొరాయిస్తుంది. మీ పని అక్కడే. లాగుతున్నట్టు అనిపించేదాకా నెట్టి, రెండు మూడు సార్లు ఊపిరి తీసి వదిలేంతసేపు అలాగే ఆపండి. మొత్తం 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు 2 లేదా 3 సార్లు. క్రీమ్ మసాజ్ అయ్యాకే రాయండి, ముందే రాస్తే వేళ్లు జారిపోతాయి. మసాజ్ తర్వాత వచ్చే ఎరుపు కాసేపట్లో పోవాలి. మర్నాటికీ నొప్పి ఉంటే ఒత్తిడి ఎక్కువైందని లెక్క. పుండు, పెచ్చు, చీము ఉన్నచోట చెయ్యే పెట్టొద్దు.

దీని మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి వాడారు. కాబట్టి మచ్చ మాయమవుతుందని నేనెవరికీ చెప్పను. బిగుతు, దురద తగ్గితే అదే మేలు.

అపోహ: పొట్ట మర్దన చేస్తే లోపల అతుక్కున్న పేగులు విడిపోతాయి.

చర్మం, దాని కింది పొరలు వదులవడం వేరు, పేగుల మధ్య అతుకులు వేరు. కడుపు ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి ఆ అతుకులు ఉంటాయి, ఎక్కువమందికి అవి ఉన్నట్టు కూడా తెలియదు. బయటి నుంచి వేళ్లతో వాటిని తెంపగలమనడానికి నమ్మదగిన ఆధారం లేదు. కడుపు మెలిపెడుతూ ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోవడం లేదంటే పేగు అడ్డుపడి ఉండొచ్చు. అప్పుడు నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

అపోహ: లోపల కుట్లు కరగలేదు, అందుకే పొడుస్తోంది.

కరిగే దారాల్లో బాగా వాడే వైక్రిల్ 56 నుంచి 70 రోజుల్లో కరిగిపోతుంది. ప్రోలీన్ అనే దారం కరగదు. కరగకూడదనే దాన్ని వేస్తారు. అరుదుగా దారం చుట్టూ గడ్డ కట్టి, చిన్న రంధ్రంలోంచి చీము కారుతుంది. అది సర్జన్ చూడాల్సిన సంగతి. అదేమీ లేకుండా ఏళ్ల తర్వాత సూదితో పొడిచినట్టు, కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటే నేను ముందుగా అనుమానించేది నరాన్ని.

సిజేరియన్ అడ్డగాటు రెండు చివర్ల దగ్గర ఇలియోఇంగ్వైనల్, ఇలియోహైపోగ్యాస్ట్రిక్ అనే నరాలు వెళ్తుంటాయి. వాటిలో ఒకటి మచ్చలో ఇరుక్కుంటే మనిషి ఒక్క వేలి మొన పెట్టి 'సరిగ్గా ఇక్కడే' అని చూపిస్తుంది, మంట గజ్జల్లోకి పాకుతుంది. మోకాలి మార్పిడి తర్వాత మోకాలి బయటివైపు మొద్దుబారడం కూడా నరం సంగతే. సఫీనస్ నరం కొమ్మ ఒకటి ఆ గాటు దారిలోనే ఉంటుంది.

పొట్ట మీది నొప్పికి 1926లో కార్నెట్ అనే సర్జన్ చెప్పిన తేలికైన పరీక్ష ఒకటి ఉంది. వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి ఉన్నచోట వేలితో నొక్కిపట్టి, తలా భుజాలూ పైకి లేపమంటాం. పొట్ట కండరాలు బిగిసినప్పుడు నొప్పి పెరిగినా, అలాగే ఉన్నా అది పొట్ట గోడలోది. తగ్గితే లోపలి అవయవాలది కావచ్చు. గోడలోదే అనిపిస్తే ఆ బిందువు దగ్గర డాక్టర్ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. నొప్పి చప్పున తగ్గిందంటే దొంగ దొరికినట్టే.

అపోహ: బట్ట తగిలినా ఓర్చుకోలేనప్పుడు దాన్ని తాకకుండా కాపాడుకోవాలి.

తాకనివ్వకపోతే నరాలు ఇంకా అతిగా స్పందిస్తాయి. మెత్తని దూదితో మచ్చ పక్కన మొదలుపెట్టి మెల్లగా మచ్చ మీదికి రండి. రోజుకు కొన్నిసార్లు, ఒక్కోసారి కొద్ది నిమిషాలు. దూది ఇబ్బంది పెట్టడం మానేశాక నూలు గుడ్డ, తర్వాత టవల్. నెమ్మదిగా జరిగే పని, మధ్యలో వదిలేస్తే లాభం లేదు.

అపోహ: విటమిన్ ఇ క్యాప్సూల్ పగలగొట్టి రాస్తే మచ్చ పోతుంది.

1999లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకే మచ్చకు ఒక భాగంలో మామూలు ఆయింట్‌మెంట్, మరో భాగంలో విటమిన్ ఇ కలిపినది రాయించారు. ప్రయోజనం కనిపించలేదు సరికదా, దాదాపు మూడో వంతు మందికి చర్మం దద్దుర్లెక్కింది. ఉబ్బిన మచ్చకైతే సిలికాన్ షీటు నయం. రోజుకు 12 గంటలకు తక్కువ కాకుండా, కనీసం రెండు మూడు నెలలు ఉంచాలి. రాత్రిపూట గంటసేపు అంటించి తీసేసే పనైతే కొనకపోవడమే మేలు.

అపోహ: పాత మచ్చ కదా, ప్రమాదమేం ఉండదు.

ఎక్కువసార్లు నిజమే, కానీ కొన్నిటిని మసాజ్‌తో నాన్చకూడదు. దగ్గినప్పుడు మచ్చ దగ్గర ఉబ్బెత్తుగా పొంగితే హెర్నియా చూడాలి. సిజేరియన్ మచ్చలో గడ్డ తగులుతూ నెలసరి రోజుల్లోనే నొప్పి పెరుగుతుంటే అక్కడ ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం, ఉండొచ్చు. ఏళ్ల నాటి మచ్చ మీద, ముఖ్యంగా కాలిన మచ్చ మీద, పుండు లేచి మానకపోతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చేయాలి, ఎందుకంటే అరుదుగా అది క్యాన్సర్ అవుతుంది.

అపోహ: కీలాయిడ్‌ను కోసి తీసేస్తే వదిలిపోతుంది.

గాటు హద్దుల్లోనే ఉబ్బిన మచ్చ కాలక్రమంలో తనంతట తాను చదునుగా మారవచ్చు. హద్దు దాటి పక్క చర్మంలోకి పాకేదే కీలాయిడ్. దాన్ని ఉత్తినే కోస్తే చాలాసార్లు తిరిగి వస్తుంది, మునుపటికంటే పెద్దదిగానూ రావచ్చు. అందుకే చర్మ వైద్యులు ముందుగా ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లను కొన్ని వారాల ఎడంతో నేరుగా అందులోకే ఇస్తారు. కోయక తప్పనప్పుడు వెంటనే ఇంజెక్షన్లో, రేడియేషనో జతచేస్తారు. కాబట్టి కోయడానికి ఒప్పుకునేముందు, ఆ తర్వాత ఏం చేస్తారో అడగండి.