నీళ్లను తూచి కాలాన్ని కొలిచిన ప్రయోగం

సెకన్లను నమ్మకంగా కొలిచే గడియారం అందుబాటులో లేని రోజుల్లో, కిందపడే వస్తువు నియమాన్ని గెలీలియో ఎలా కనిపెట్టాడని ఒక పాఠకుడు అడిగారు. ఆధునిక విజ్ఞానం పుట్టుకను వెతకడానికి నాకు ఇంతకన్నా మంచి చోటు కనబడదు. పీసా గోపురం మీదినుంచి గుండ్లు జారవిడిచిన కథ ఆయన శిష్యుడు వివియానీ రాసిన జీవితచరిత్ర వల్ల ప్రచారంలోకి వచ్చింది. పాఠాలు ఆ కథనే పట్టుకొని అసలు ప్రయోగాన్ని వదిలేస్తున్నాయి.

7 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన గుండు సుమారు 1.2 సెకన్లలో నేలను తాకుతుంది. అంత తక్కువ వ్యవధిని కొలవలేక గెలీలియో పతనాన్నే నెమ్మదింపజేశాడు. 1638లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో అచ్చయిన గ్రంథంలో ఆయన వర్ణించిన పరికరం 12 ఇటలీ మూరల కొయ్య దూలం, అంటే దాదాపు 7 మీటర్లు. దాని మీద తిన్నని గాడి తొలిచి, లోపల నునుపైన తోలుకాగితం అతికించి, ఒక చివరను ఒకటి రెండు మూరలు పైకెత్తి, మెరుగుపెట్టిన కంచు గుండును దొర్లించాడు. ఒక మూర ఎత్తితే వాలు వెంబడి పనిచేసేది గురుత్వ త్వరణంలో పన్నెండో వంతు. గుండు జారక దొర్లుతుంది కనుక అందులోనూ సుమారు ఏడింట ఐదు వంతులే ముందుకు నడిపేందుకు మిగులుతుంది. ఆ లెక్కన ప్రయాణానికి దాదాపు 5 సెకన్లు పడుతుంది.

కాలాన్ని కొలిచింది నీళ్లు. ఎత్తున పెట్టిన పెద్ద పాత్ర అడుగున సన్నని గొట్టం అమర్చి, గుండు దొర్లినంతసేపూ కారిన నీటిని చిన్న గిన్నెలో పట్టి, త్రాసులో తూచాడు. పాత్ర పెద్దది, గొట్టం సన్ననిది కావడంతో నీటిమట్టం పెద్దగా తగ్గదు, ధార దాదాపు సమంగా ఉంటుంది, కాబట్టి నీటి బరువు కాలానికి అనులోమంగా ఉంటుంది. ఆ నీరు ఎన్ని సెకన్లకు సమానమో తెలియనక్కరలేదు, ఎందుకంటే ఆయన వెతికింది నిష్పత్తులను మాత్రమే. దూలంలో నాలుగో వంతు దూరం దొర్లినప్పుడు కారిన నీరు, మొత్తం దూరానికి కారిన నీటిలో సరిగ్గా సగం తూగింది. కాలం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు. సమాన కాలవ్యవధుల్లో దాటే దూరాలు 1, 3, 5, 7 అనే బేసి సంఖ్యల వరుసలో పెరుగుతాయి. దీన్ని నూరుసార్లు చేసి చూశాననీ, నాడి కొట్టుకునే వ్యవధిలో పదో వంతు తేడా కూడా రాలేదనీ రాశాడు. సమాధానం ముందే తెలుసుకొని రీడింగులు సర్దే మన ప్రయోగశాలల్లో ఈ భాగం చదివి వినిపించాలి.

సమత్వరణ గణితం, అంటే వేగం ఒకే తీరున పెరిగే చలనపు లెక్క, 14వ శతాబ్దపు ఆక్స్‌ఫర్డ్ పండితులకు తెలుసు. గుండును దొర్లించి తూచి చూడటం వారి పద్ధతి కాదు. గెలీలియోకూ దారి సూటిగా దొరకలేదు: 1604లో వెనిస్ పండితుడు పావొలో సార్పికి రాసిన ఉత్తరంలో సూత్రం సరైనదే, కానీ వేగం దూరంతోపాటు పెరుగుతుందన్న తప్పు ఆధారం మీద నిలబెట్టాడు, కాలంతోపాటు పెరుగుతుందని తర్వాత గ్రహించాడు. ఆయన జాతకాలు కూడా వేశాడు. అందుకని జ్యోతిషానికి శాస్త్రముద్ర వేసేవారు, ఆయన ఈ సూత్రానికి పెట్టిన నీటి తూకం వంటి పరీక్షను జాతకానికీ పెట్టి చూపాలి.

ఇంత మొరటు సాధనాలతో అంత కచ్చితత్వం అసాధ్యమని 20వ శతాబ్దపు చరిత్రకారుడు అలెగ్జాండర్ కోయ్రే కొట్టిపారేశాడు. కానీ విజ్ఞాన చరిత్ర పరిశోధకుడు థామస్ సెటిల్ 1961లో ప్రచురించిన వ్యాసంలో, గెలీలియో వర్ణించిన తీరులోనే వాలు పలకనూ నీటి పాత్రనూ అమర్చి కొలిస్తే గెలీలియో చెప్పిన నిష్పత్తులే వస్తాయని చూపించాడు.