చేపల పులుసు ఊళ్లో వీగన్ విందు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో ఇంటి విందులకు వంట చేసివ్వడం నా వృత్తి. ఈమధ్య నన్ను పిలిచేవాళ్లలో కొత్తగా వీగన్ అయినవాళ్లు కనిపిస్తున్నారు. మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసినవాళ్లు. వాళ్ల టెన్షన్ తమ తిండి గురించి కాదు. ఆదివారం రాత్రికి అత్తయ్య, మామయ్య, పెదనాన్న వాళ్లు ఇంటికొస్తున్నారు, ఏం పెట్టాలి అని. అందరి నోటా దాదాపు అవే భయాలు వింటుంటాను. వాటిలో చాలావరకు అనవసరం. పులిహోర, పప్పు, వేపుడు, పచ్చడి, చారు, అప్పడం అన్నీ నూనెతో చేస్తే ఎలాగూ వీగనే. మన విస్తట్లో చిక్కు వచ్చేది చేపల పులుసు లాంటి కూరలు, నెయ్యి, పెరుగు, తీపి దగ్గరే. శ్రద్ధంతా అక్కడ పెట్టండి.

అపోహ: ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే వీగనే.

వాస్తవం: కాదు. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. మన దేశ నిబంధనల ప్రకారం పాలు, నెయ్యి, తేనె శాకాహారంలోకే వస్తాయి. వీగన్ ఆహారానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో వేరుగా నిబంధనలు తెచ్చింది, దానికి వేరే గుర్తు కూడా పెట్టింది. ఆకుపచ్చ రంగులో వీ అక్షరం, దాని మీద చిన్న మొలక ఉంటుంది. ఆ గుర్తు లేని ప్యాకెట్ అయితే వెనక్కి తిప్పి పదార్థాల పట్టిక చదవాల్సిందే. బిస్కెట్లలో పాలపొడి, బేకరీ రొట్టెల్లో వెన్న, కర్రీ పాయింట్ గ్రేవీల్లో మీగడ తరచుగా ఉంటాయి. బయట నాన్ కొంటే పిండిలో పెరుగు కలిపారా అని అడగండి. ఉలవచారు తెప్పిస్తే మీగడ వెయ్యొద్దని ముందే చెప్పండి.

అపోహ: చేపల పులుసు లేకుండా నెల్లూరులో విందేంది?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు కూడా కాస్త పెద్దదే.

మన పులుసుకు ఆ రుచి ఎక్కడి నుంచి వస్తుందో గమనించండి. చింతపండు, పుల్లటి మామిడికాయ, నువ్వుల నూనె, దించే ముందు వేసే మెంతి, ధనియాల, జీలకర్ర పొడి, ఆ పైన ఒక రాత్రి ఊరడం. వీటిలో ఒక్కటి కూడా సముద్రం నుంచి రాలేదు. అందుకే అవే పాళ్లతో అరటికాయ, మామిడికాయ పులుసు పెడితే విస్తరి ముందు కూర్చున్నవాళ్లు మారు వడ్డించమంటారు.

అరటికాయ తొక్క పలచగా తీసి, వంజరం ముక్కల్లా వేలెడు మందంలో ఏటవాలుగా కోయండి. ఉప్పు, పసుపు, కారం పట్టించి పది నిమిషాలు ఉంచి, పెనం మీద కొద్ది నూనెలో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. లోపల ముప్పాతిక వంతు ఉడకాలి. పచ్చి ముక్క నేరుగా పులుసులో వేస్తే చింతపండు పులుపుకు బిరుసెక్కి, ఎంత మరిగించినా మెత్తబడదు. పులుసు విడిగా మరిగి, నూనె పైకి తేలాక మామిడి ముక్కలు వేయండి. అవి సగం ఉడికాక అరటి ముక్కలు జారవిడిచి, గరిటె పెట్టకుండా గిన్నెనే అటూ ఇటూ కదపండి. మంట తగ్గించి ఐదారు నిమిషాలు ఉంచి దించండి. మట్టి దాక ఉంటే అందులోనే చేయండి. పొద్దున చేసి రాత్రికి వడ్డిస్తే ముక్కకు పులుసు బాగా పడుతుంది.

ఒక్క మాట. చేప వాసన తెప్పించాలని తంటాలు పడొద్దు, వీగన్ చేప అని పేరూ పెట్టొద్దు. ఆ పేరు వినగానే తినేవాళ్లు పోల్చడం మొదలుపెడతారు. అరటికాయ మామిడికాయ పులుసు అనే చెప్పండి, దాని రుచి కోసమే తింటారు.

అపోహ: నెయ్యి, పెరుగు లేకపోతే పెద్దవాళ్లకు అన్నం తిన్నట్టుండదు.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది, దాన్ని గౌరవించాలి. కందిపప్పు మీద నెయ్యి పడగానే వచ్చే కమ్మదనం ఏ నూనెకూ రాదు. కానీ వేడన్నంలో ముద్దపప్పు, ఆవకాయ కలిపి పచ్చి నువ్వుల నూనె వేసుకునే అలవాటు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. పశ్చిమ ప్రకాశం కందిపప్పును దోరగా వేయించి ముద్దపప్పు చేసి, గానుగ నూనె చిన్న గిన్నెలో పక్కన పెట్టండి. నెయ్యి ఏది అని అడగకముందే వడ్డించేయండి.

పెరుగుకైతే ముందునుంచే సిద్ధపడాలి. గ్లాసు వేరుశనగపప్పు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, మూడు నాలుగు గ్లాసుల నీళ్లు కలిపి గుడ్డలో వడకట్టండి. అడుగంటకుండా కలుపుతూ కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేయాలి. మొదటిసారి తోడు లేదు కాబట్టి నాలుగైదు పచ్చిమిరప తొడిమలు వేసి వెచ్చని చోట పెట్టండి, తోడుకుంటుంది. మొదటి పెరుగు వాసన అంత బాగుండదు. దానితో మళ్లీ తోడు వేసిన రెండో పెరుగే విందుకు వాడండి. అలాగే గిన్నెలో పోస్తే పల్లీ వాసన తెలిసిపోతుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపుతో పెరుగన్నం కలపండి, లేదా పొదలకూరు నిమ్మకాయ పిండి మజ్జిగ చేసివ్వండి. అప్పుడు ఎవరూ వంక పెట్టరు.

అపోహ: పాలు లేకుండా తీపి చేయలేం.

మలై కాజా మన ఊరి పేరు నిలబెట్టిన మిఠాయే, దాని జోలికి పోకండి. సగ్గుబియ్యాన్ని రెండోసారి పిండిన కొబ్బరిపాలలో ఉడికించి, బెల్లం పాకం వడగట్టి కలపండి. పొయ్యి ఆపాక చిక్కటి మొదటి పాలు పోయండి. పోశాక మరిగిస్తే విరిగి నూనె తేలుతుంది. పూర్ణాలు నూనెలో వేయించేవే, పూర్ణంలో నెయ్యి వేయకుండా చేస్తే చాలు.

అపోహ: వీగన్ వంట అంటే బోలెడు ఖర్చు. వాస్తవం: అది డబ్బాల్లో వచ్చే బాదం పాలు, చీజ్ కొంటేనే. పైన చెప్పినవాటిలో ఏదీ మన అంగట్లో దొరకనిది కాదు.

అపోహ: ఈ తిండితో బలం ఉండదు.

వాస్తవం: వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, వేరుశనగలో అంతకన్నా కొంచెం ఎక్కువే. రాగులు, నువ్వుల్లో కాల్షియం బాగా ఉంటుంది. విటమిన్ బీ12 మాత్రం మొక్కల ఆహారం నుంచి నమ్మకంగా అందదు. వీగన్ అయినవాళ్లు డాక్టరును అడిగి బీ12 మాత్ర వాడాల్సిందే. అత్తయ్య ఈ ప్రశ్న వేస్తే దాటవేయకండి, మాత్ర వేసుకుంటున్నానని చెప్పండి. ఆమె అడిగేది మీ మీద దిగులుతోనే.

అపోహ: చెప్పకుండా పెట్టేస్తే తెలియదు, తిన్నాక చెప్పొచ్చు.

ఇది మాత్రం చేయొద్దు. పల్లీ, జీడిపప్పు, సోయా పడనివాళ్లు ఉంటారు. పెరుగు అనుకుని పల్లీ పెరుగు తింటే ప్రమాదం. పైగా, మోసపోయామనిపిస్తే రెండోసారి పిలిచినా రారు. పిలిచేటప్పుడే ఫోన్లో చెప్పేయండి: "పెదనాన్నా, మా ఇంట్లో ఇప్పుడు పాలు, మాంసం వండట్లేదు. మీకిష్టమైన గుత్తివంకాయ, పులుసు చేస్తున్నా, రండి." ఎందుకు మానేశానో విస్తరి ముందు ఉపన్యాసం వద్దు, అడిగితే రెండు మాటల్లో చెప్పండి.

"మేం చికెన్ తెచ్చుకోవచ్చా?" అని బావగారు అడగొచ్చు. మీకు ఇష్టం లేకపోతే ఈ ఒక్క పూటకు వద్దు బావా అని నవ్వుతూనే కచ్చితంగా చెప్పండి. డెబ్భై దాటిన మామయ్య పెరుగు లేకుండా ముద్ద దిగదంటే నేనైతే వాదించను. ఆయన్నే చిన్న ప్యాకెట్ తెచ్చుకోమంటాను, గిన్నె, గరిటె వేరుగా పెట్టి ఆయన పక్కనే ఉంచుతాను.