తోక నేల మీద ఈడ్చిన కాలం

ప్రతి వేసవి సెలవులకూ మా మేనల్లుడు మహారాష్ట్రలోని మా తెలుగు ఊరు సిరొంచకు వస్తాడు. చదువు మరాఠీలో, ఇంట్లో మాటలు తెలుగులో. తొందరలో ఉంటే రెండూ కలిపేస్తాడు. ఈ ఏడు వాడితో కూర్చుని వరసగా రెండు రాత్రులు రెండు ‘కింగ్ కాంగ్’లు, అంటే కాంగ్ అనే రాకాసి గొరిల్లా కథ సినిమాలు, చూశాను. మొదటిది 1933 నాటి నలుపు తెలుపు సినిమా, రెండోది 2005లో పీటర్ జాక్సన్ తీసింది. నడుమ 1976లో ఇంకొకటి వచ్చింది కానీ, అందులో రాక్షసి బల్లులు లేవని మావాడు దాన్ని ఒప్పుకోలేదు.

మొదటి రాత్రి సగంలో సినిమా ఆపించాడు. “మామయ్యా, దాని శేపూట్ ఎందుకలా ఈడ్చుకుంటోంది? దెబ్బ తగిలిందా?”

శేపూట్ అంటే మరాఠీలో తోక. కాంగ్ మీదికి వచ్చిన టైరనోసారస్ కంగారూలా నిటారుగా నిలబడి, తోకను బరువైన గోనెసంచిలా వెనక ఈడుస్తోంది. మర్నాటి సినిమాలో దాని వారసులు మూడు వచ్చాయి. వాటి వెన్ను నేలకు సమాంతరంగా ఉంది, తోక గాలిలో బిగదన్ని ఉంది.

తప్పు పాత సినిమావాళ్లది కాదు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1915 నుంచి టైరనోసారస్ అస్థిపంజరాన్ని సరిగ్గా అలాగే నిలబెట్టారు. అయిదేళ్లు ఆగి ఉంటే కొంత సాక్ష్యం దొరికేది. 1938లో శిలాజాలు వెతికే రోలాండ్ బర్డ్ టెక్సస్‌లోని పాలక్సీ నది రాతిపడకలో భారీ బల్లుల అడుగుజాడల వరసలు బయటపెట్టాడు. ప్రాణహిత ఇసుకలో ఉడుము నడిచిన జాడ చూసినవాళ్లకు వాటిని చదవడం కష్టం కాదు. ఉడుము జాడలో రెండు వైపులా గోళ్ల గుర్తులు, నడుమ తోక గీసిన వంకర గీత ఉంటాయి. పాలక్సీలో అడుగులున్నాయి, నడిమి గీత దాదాపు ఎక్కడా లేదు. అయినా ఆ మ్యూజియం తన అస్థిపంజరాన్ని ముందుకు వంచి సరిచేసింది 1990లలోనే. అలవాటైన బొమ్మ మీద మమకారం శాస్త్రజ్ఞులకూ ఉంటుంది మరి.

పాత సినిమాలో నాకు నవ్వు తెప్పించింది మాత్రం బ్రోంటోసారస్. నీళ్లలోంచి లేచి తెప్పను బోల్తా కొడుతుంది, ఒడ్డెక్కి తరుముతుంది, చెట్టెక్కినవాణ్ణి నోట కరుస్తుంది. ఆకులు మేసే జంతువు! కొత్త సినిమాలో అవి బెదిరిన పశువుల మందలా లోయలో పరుగెత్తుతాయి. మనుషులు వాటి కాళ్ల కింద పడి చస్తారు తప్ప నోట పడి కాదు. నీళ్లలో బతకడం మాత్రం ఆనాటి పండితుల మాటే. అంత బరువును కాళ్లు మోయలేవు, నీరే మోయాలి అనుకునేవారు. 1951లో కెర్మాక్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాటను దెబ్బతీశాడు. తల నీటిపైన, ఊపిరితిత్తులు కొన్ని మీటర్ల లోతున ఉంటే నీటి ఒత్తిడికి ఛాతీ విప్పారదు, గాలి లోపలికి రాదు.

ఇది మాకు దూరపు గొడవేమీ కాదు. మా సిరొంచ తాలూకాలోని పోచంపల్లి దగ్గరే, 1960 ప్రాంతంలో, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వితే ఇలాంటి జంతువుల ఎముకలు సుమారు 300 బయటపడ్డాయి. కనీసం ఆరు జంతువులవి. రవీంద్రుని శతజయంతి రోజులవి. అందుకే 1975లో నామకరణం చేసినప్పుడు బరాపాసారస్ టాగోరై అన్నారు. బరా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. మరాఠీ రాష్ట్రం, తెలుగు ఊరు, బెంగాలీ పేరు.

దాని తొడ ఎముక పొడవు 1.7 మీటర్లు. టేపు పట్టి వరండాలో సుద్దముక్కతో గీశాం. మావాడు గీత పక్కన వెల్లకిలా పడుకుంటే ఇంకా అడుగు మిగిలింది. స్తంభంలా నిటారుగా నిలిచే కాలు అది. నీటి సాయం అక్కర్లేదు.

నిలబడిన మగ గొరిల్లా కూడా సుమారు ఆ గీతంత ఎత్తే ఉంటుంది, అయిదున్నర అడుగులు. జాక్సన్ కాంగ్ 25 అడుగులు, అంటే నాలుగున్నర రెట్లు. టేకు దుంగలు ఎత్తినవాళ్లకు ఇక్కడి తిరకాసు తెలుసు. పొడవూ లావూ రెట్టింపైన దుంగ ఎనిమిదింతలు తూగుతుంది. మోకును రెట్టింపు లావు చేస్తే దాని బలం నాలుగింతలే అవుతుంది. అదే లెక్కన కాంగ్ బరువు 91 రెట్లు, ఎముకల అడ్డుకోత వైశాల్యం 20 రెట్లు. 160 కిలోల గొరిల్లా 14 టన్నులు దాటుతుంది, చదరపు సెంటీమీటరు ఎముక మీద భారం నాలుగున్నర రెట్లవుతుంది. బరాపాసారస్ తన ఏడు టన్నులను (అంచనాయే అనుకోండి) నాలుగు స్తంభాల మీద మోసింది. కాంగ్ దానికి రెట్టింపు బరువేసుకుని, వంగిన మోకాళ్ల మీద గంతులేస్తాడు.

బల్లులను సరిదిద్దిన కొత్త సినిమా కాంగ్‌ను ఇంకా చెడగొట్టిందని నా అభియోగం. కాలు లోలకంలా ఊగుతుంది. నాలుగున్నర రెట్లు పొడవైతే ఊపుకు పట్టే కాలం రెండు రెట్లు దాటుతుంది. పెద్ద ఒళ్లు నింపాదిగా కదలాలి. కానీ నటుడు ఆండీ సెర్కిస్ రువాండా వెళ్లి అసలు గొరిల్లాలను చూసి, తన కదలికలతో కాంగ్‌కు ప్రాణం పోశాడు. అందుకే కాంగ్ చూపు అద్భుతం, వేగం మాత్రం చిన్న గొరిల్లాది. 1933లో విల్లిస్ ఓబ్రయన్ అడుగున్నర బొమ్మను సెకనుకు 24 ఫ్రేముల లెక్కన కొద్దికొద్దిగా జరిపి తీశాడు. దానికీ బరువు తెలియదు కానీ, దాని కుందేలు బొచ్చు క్షణక్షణం చెదురుతుంటుంది. మావాడు గాలి అనుకున్నాడు. ఆపి ఒక్కో ఫ్రేమూ చూపించాను: బొమ్మను జరిపినవాళ్ల వేళ్లు తగిలిన చోట్లు అవి.

ఎత్తు పెరిగితే ఏమవుతుందో 1926లోనే జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ ఒక వ్యాసంలో రాశాడు. లోతైన గనిలో పడితే చిట్టెలుక దులుపుకుని పోతుంది, మనిషి విరుగుతాడు, గుర్రం చితికి చిమ్ముతుంది. 381 మీటర్ల ఎంపైర్ స్టేట్ భవనం మీది నుంచి పడ్డ కాంగ్ మాత్రం రెండు సినిమాల్లోనూ చెక్కు చెదరకుండా వీధిలో పడుకుని ఉంటాడు. ఈ హాల్డేనే 1957లో మన దేశానికి వచ్చి, సిరొంచ ఎముకలు తవ్విన ఆ సంస్థలోనే కొన్నేళ్లు పనిచేశాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారం దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

మూడో రోజు మావాడు తొడ ఎముక గీత చుట్టూ మొత్తం జంతువును వేయబోయాడు. వరండా చాలక వాకిట్లోకి దిగాడు. మెడ చివర ఆగి, “తల ఎలా ఉంటుంది మామయ్యా?” అన్నాడు. బరాపాసారస్ పుర్రె దొరకలేదు. ఈ జాతి పుర్రెలు తేలిక, అతుకులు వదులు. కళేబరం వరదలో దొర్లితే ముందు పోయేవి అవే. చెంచాల్లాంటి పళ్లు కొన్ని మిగిలాయి, ఆకులు దూసుకు తినే పళ్లు.

వాడు మెడను అలాగే వదిలేశాడు. పాదాల కింద నేల గీత గీసి, తోకను దానికి జానెడు పైన వేశాడు.