బోధకుడు లేని తరగతి నుంచి పుట్టిన భయం

గుండె బరువుతో వచ్చిన మనిషి జవాబును తనే కనుక్కునేలా పాస్టరు వింటూ తోడుండాలా? లేక బైబిలు వాక్యం తెరిచి ఇలా చెయ్యమని చెప్పాలా? అమెరికాలోని సదరన్ బాప్టిస్టులనే ప్రొటెస్టెంటు శాఖవారి మధ్య ఈ తగవు 2024లో మళ్లీ రాజుకుంది. పాస్టర్లను తయారుచేసే సెమినరీల్లో కౌన్సెలింగ్ నేర్పేవారు మానసిక శాస్త్రం నుంచి ఎంత తీసుకోవచ్చన్నది పైకి కనిపించే ప్రశ్న. దాని కింద ఉన్న భయం దాదాపు వందేళ్ల నాటిది.

1924లో న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీలో కార్ల్ రోజర్స్ అనే యువకుడు చేరాడు. అక్కడ ఆలోచనలను వండి తినిపిస్తున్నారని అతనికీ, మరికొందరు విద్యార్థులకూ అనిపించింది. తమ ప్రశ్నలే పాఠంగా, బోధకుడు లేని తరగతి కావాలని అర్జీ పెట్టుకున్నారు. సెమినరీ ఒప్పుకుంది. షరతు ఒక్కటే: ఒక యువ అధ్యాపకుడు గదిలో కూర్చుంటాడు, విద్యార్థులు కోరితే తప్ప కల్పించుకోడు. ఏ మతసంస్థకైనా ఇది చిన్న సాహసం కాదు. ఆ గదిలో నిజాయితీగా వెతికినవారిలో ఎక్కువమంది చివరికి పరిచర్య నుంచే బయటికి నడిచారు. రోజర్స్ వీధి దాటి కొలంబియా టీచర్స్ కాలేజీకి వెళ్లి మనస్తత్వవేత్త అయ్యాడు. సలహా ఇవ్వకుండా వినే పద్ధతిని 1942 నాటి పుస్తకంలో వివరించాడు. మనిషిని వెతకనిస్తే చర్చి దాటి పోతాడన్న శంకకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

అయినా ప్రెస్బిటేరియన్ సేవకుడు సీవర్డ్ హిల్ట్నర్ జంకలేదు. కౌన్సెలింగ్ అంటే లోపల ఉన్నదాన్ని పైకి తోడడమని 1949లో రాశాడు. నీళ్లు బావిలోవే, పాస్టరు పట్టుకునేది చేద మాత్రమే. అందుకని పాస్టరు పాస్టరు కాకుండా పోడు, ఆ మనిషి తన దగ్గరికి ఎందుకు వచ్చాడో అతనికి తెలుసు. యేసు కూడా గ్రుడ్డివాడైన బర్తిమయిని ముందు అడిగింది, నీకేమి కావాలనే కదా!

మరో ప్రెస్బిటేరియన్ సేవకుడు జే ఆడమ్స్ దీనికి ఎదురు తిరిగాడు. 1965 వేసవిలో ఇల్లినాయిస్ మానసిక ఆసుపత్రుల్లో గడిపి, శరీర రుగ్మతలు మినహా చాలామంది సమస్యకు మూలం పాపమేనని తేల్చాడు. 1970లో తన పద్ధతికి రోమా 15:14లోని గ్రీకు మాటనే పేరుగా పెట్టాడు. మన తెలుగు బైబిలులో అది 'బుద్ధిచెప్ప' అని ఉంది. వాడుకలో ఆ మాట ఎంత కరుకో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు.

మానసిక శాస్త్రాన్ని కలుపుకుని పాస్టర్లకు కౌన్సెలింగ్ నేర్పిన వేన్ ఓట్స్ దశాబ్దాలపాటు బోధించిన లూయివిల్‌లోని సదరన్ బాప్టిస్టు సెమినరీ 2005లో ఆ పాత పద్ధతిని వదిలి, ఆడమ్స్‌తో మొదలైన బైబిలు కౌన్సెలింగ్ వైపు మళ్లింది. 2024 తగవులో మానసిక శాస్త్రం నుంచి మరీ ఎక్కువ తీసుకుంటున్నారని వేలెత్తి చూపించుకున్న అధ్యాపకులు రోజర్స్ శిష్యులైనా కారు. వాక్యానిదే అధికారమని వారూ అంటారు. హింసకు గురైనవారి మనసు, శరీరం ఎలా స్పందిస్తాయో కూడా తెలుసుకుని పక్కన కూర్చుందామన్నారు, అంతే.